లేని బర్రె కోసం ప్రార్థన

ఈ మధ్య జనగామలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లకు శిక్షణ పెట్టి, పిల్లలను ఇంటర్నెట్ ప్రమాదాల నుంచి ఎలా కాపాడాలో మాట్లాడమని నన్ను పిలిచారు. నాకన్నా ముందు మాట్లాడిన కుర్రాడు గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ చాలా బాగా చెప్పాడు. నా దగ్గర బొమ్మలు లేవు. ఒక బర్రె ముచ్చట ఉంది, అదీ లేని బర్రె. భోజనాల వేళ కావడంతో సగంలోనే ఆపేశాను. మిగతా సగం ఏమైందని తర్వాత నలుగురైదుగురు ఫోన్లు చేసి అడిగారు. వాళ్ళ కోసం మొత్తం రాస్తున్నాను.

నేను సోషల్ టీచర్‌ని. మొదటి పోస్టింగ్ రేగొండ మండలంలో, చివరిది కొత్తగూడ వైపు అడవి అంచున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో. దేవుణ్ణి నమ్ముకున్న ఇంట్లో పుట్టాను. మా నాయన చర్చిలో సంఘపెద్ద. అక్షరాలు దిద్దించింది కూడా వాక్యం చదవడం రావాలనే. ఏ ఊరికి బదిలీ అయినా అక్కడి సంఘంలో ఆదివారం బడి నాకే అప్పజెప్పేవారు. పాఠశాలలో మాత్రం మతం ఎత్తేదాన్ని కాదు. అయినా నేనెవరో అందరికీ తెలుసు.

ఆ చివరి బడిలో మా హెడ్మాస్టర్‌ది భూపాలపల్లి. బొగ్గుగని కార్మికుడి కొడుకు. ప్రతి ఏడూ అయ్యప్ప మాల వేసేవాడు. ఆ రోజుల్లో అందరూ ఆయన్ను స్వామీ అని పిలిస్తే నేను మాత్రం సార్ అనే పిలిచేదాన్ని. ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. నల్లబట్టల్లో ఆయన, తెల్లచీరలో నేను ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, "మనిద్దరం కూసుంటె చదరంగం బల్ల లెక్క ఉన్నది మేడం" అని నవ్వేవాడు.

అప్పటికి ఫోన్ లేని ఇల్లు లేకుండా పోయింది. పిల్లలకు ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పాలని పైనుంచి ఆదేశం వస్తే ఆ పని నాకు పడింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడకూడదు, ఫొటోలు పంపకూడదు, ఓటీపీ చెప్పకూడదు అని చెప్పి, తర్వాత ప్రశ్నలు అడిగాను. పదో తరగతిలో ఒక తండా పిల్ల అన్నింటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. చప్పట్లు కొట్టించాను. నేను ఈ ముచ్చట రాస్తున్నది ఆ పిల్ల గురించే.

వాళ్ళ నాన్న హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టే చోట కూలి. తల్లి ఊళ్ళోనే ఉండి మిరప చేలకు పోయేది. తండాలో వాళ్ళ భాషలో తల్లిని యాడి అంటారు, తండ్రిని బా అంటారు. ఆ తల్లీ కూతుళ్ళు మా సంఘానికే వచ్చేవారు. పిల్ల గొంతు చక్కగా ఉండేది. పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళ వైపు అందరూ ఆమె వెంట అందుకునేవారు.

క్రిస్మస్ వెళ్ళిపోయి కొత్త సంవత్సరం మొదలైన రోజులవి. మొదటి మిరప కోతలు పడ్డాయి. ఆ పిల్ల మధ్యాహ్న భోజనం మానేసింది. అడిగితే ఉపవాసం అంది. చిన్న వయసులో ఎంత భక్తి అని నాకు సంతోషం వేసింది. స్టాఫ్ రూంలో నలుగురి ముందూ మెచ్చుకున్నాను కూడా. వంట చేసే అక్కకు మాత్రం నచ్చలేదు. పిల్ల పళ్ళెం పట్టక దినాలాయె, మీ దేవుడు గంత కఠినుడా అని నన్నే నిలదీసింది. హెడ్మాస్టర్ తన ధోరణిలో తను అన్నాడు: "మాలల ఉండి నేను ఒక్కపూట తింటున్న. మీ శిష్యురాలు ఆ ఒక్కపూట గూడ ఇడిసిపెట్టింది. నన్ను మించిపోయింది మేడం."

నవ్వాను కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఉపవాసం ఉండే మనిషి ముఖం నాకు తెలుసు. నేనూ ఉంటాను. ఈ పిల్ల ముఖంలో ఉన్నది అది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడేది.

బుధవారం మధ్యాహ్నం అందరూ తినడానికి పోయాక తరగతి గదిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఎవరి కోసం బిడ్డా ఈ ఉపవాసం అని అడిగాను.

"చెప్పొద్దన్నడు టీచర్."

"ఎవరు?"

"ప్రార్థన అన్న."

మా సంఘంలో ఆ పేరుతో ఎవరూ లేరు. తర్వాత మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి, మధ్యలో ఆగిపోతూ, మళ్ళీ మొదలవుతూ. నెల కిందట ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనుకు, తల్లి ఇంట్లో వదిలి పోయే ఫోనుకు, ఎవడో కాల్ చేశాడు. పిల్లను పేరు పెట్టి చెల్లీ అని పిలిచాడు. నీకు సాయంత్రాలు తలనొప్పి వస్తుంది కదా అన్నాడు. మీ నాన్న ఎత్తు మీద నిలబడి పని చేస్తున్నాడు, నీకు లెక్కలంటే భయం, మీ అమ్మ తెల్లారకముందే చేనుకు పోతే ఒక్కదానివే ఉంటావు అన్నాడు. ఇవన్నీ దేవుడే నాకు బయలుపరిచాడు అన్నాడు. తండ్రి కింద పడే గండం ఉందని, అది తప్పాలంటే ఉపవాసం ఉండి, తల్లి వెళ్ళిపోయాక తనతో కలిసి ఫోనులో ప్రార్థన చేయాలని చెప్పాడు. కొన్నాళ్ళకు వీడియోలో ప్రార్థన అన్నాడు. ఇప్పుడేమో శుక్రవారం ఉదయం మానుకోట బస్టాండుకు ఒంటరిగా రమ్మన్నాడు. తైలంతో అభిషేకం చేస్తాడట. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాం.

అంటే ఎల్లుండే. బస్సు ఎన్ని గంటలకో కూడా పిల్ల కనుక్కుని పెట్టుకుంది.

"ఎవరికన్న చెప్తె మా బా పడిపోతడన్నడు. నేను చెప్పేసిన టీచర్ ఇప్పుడు" అని చెప్పి, నోరు చేత్తో మూసుకుంది.

కొత్తగా టీచర్లయిన మీకు ఇక్కడ ఒక్క మాట. పిల్లలు ఇలాంటిది చెప్పినప్పుడు ఎవరికీ చెప్పకు టీచర్ అని బతిమాలుతారు. మనకు జాలి కలిగి సరేనంటాం. అనకండి. ఆ రోజు నాకు ఆ బుద్ధి దేవుడే ఇచ్చాడు. "మీ యాడికి చెప్త బిడ్డా. హెడ్మాస్టర్‌కు చెప్త. చెప్పనని నీకు మాట ఇయ్య. కని నిన్ను ఇడిసిపెట్టి ఎటూ పోను" అన్నాను. నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ క్షణాన ఆమెకు నేను శత్రువునే.

హెడ్మాస్టర్ విన్నాడు. ముఖం నల్లబడింది. ఆయనకూ ఆడపిల్లలే. వెంటనే పోలీస్ స్టేషనుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి పిల్లతో మెల్లగా, అక్కలా మాట్లాడింది. ఫోన్ పెద్దల దగ్గర ఉంచండి, వాడికి జవాబు ఇవ్వకండి, కోపంతో ఏదీ చెరిపేయకండి అని చెప్పి, నంబర్ రాసుకుని పోయింది.

తల్లిని చేను నుంచి పిలిపించాం. మిరప కోసిన చేతులు మండుతుంటే కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అంతా విన్నది. తర్వాత ఒక్క మాట అంది.

"నేనే గద టీచర్ గ్రూపుల మొత్తుకున్న. దేవుని ముంగట ఏం దాస్తమని అంత చెప్పిన."

అప్పుడు నాకు తెలిసింది. మా సంఘానికి ఒక ప్రార్థన గ్రూపు ఉండేది. రాయడం రాని వాళ్ళు గొంతు రికార్డు చేసి పెట్టేవారు. ప్రార్థన విన్నపం అంటే మావాళ్ళకు సగం సగం చెప్పడం చేతకాదు. పేరు, ఊరు, బడి, ఫోన్ నంబరు, జబ్బు, ఇంటి గుట్టు అన్నీ చెప్పి ఏడిస్తేనే ప్రార్థన బలంగా ఉంటుందని నమ్మకం. పిల్ల తలనొప్పి గురించి ఆ తల్లి పెట్టిన రికార్డును ఎవరో ప్రేమతో ఇంకో గ్రూపుకు పంపారు. అక్కడి నుంచి మరో గ్రూపుకు. నా ఫోనులో వెతికితే, జనగామలోని మా చెల్లెలి సంఘం గ్రూపులో కూడా అది ఉంది. కింద ఆమెన్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. పిల్లకు ఓటీపీ చెప్పొద్దని పాఠం చెప్పింది నేనే, ఆమె ఇంటి గుట్టంతా ఊరూరా తిరుగుతుంటే ఆమెన్ కొట్టిందీ నేనే.

ఇదంతా పిల్లకు వివరంగా చెప్పాం. నమ్మలేదు.

"యాడి చెప్పింది మన సంఘపోల్లకు. అన్న మన సంఘం కాదు. ఆయనకు దేవుడే చెప్పిండు."

బస్సు ఎక్కకుండా ఆపడం మా చేతిలో పని. కానీ రేపు తండ్రికి జ్వరం వచ్చినా అది తన పాపమే అనుకుంటుంది. మళ్ళీ ఎవరికీ తెలియకుండా ఆ గొంతును వెతుక్కుంటూ పోతుంది. ఆమె మనసులో వాడు ప్రవక్తగా ఉన్నంత కాలం మా కాపలా ఎందుకూ కొరగాదు. నేను వాక్యం తీసి చెప్పబోయాను. వాడూ వాక్యమే చెప్పాడు, నాకన్నా తియ్యగా చెప్పాడు.

దారి హెడ్మాస్టర్‌కు తట్టింది.

"దేవుడు చెప్పిండా గ్రూపు చెప్పిందా తేల్చుడు అల్కనే మేడం. లేని ముచ్చట ఒకటి గ్రూపుల పెట్టుండ్రి. లేదని దేవునికి ఎర్కనే. గ్రూపుకు తెల్వదు."

"ప్రార్థనల అబద్ధమా సార్?"

"పాపమైతె నా పేరు మీద రాపియ్యుండ్రి. మాలల ఉన్న, జర పుణ్యం జమైంది."

మీకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం రాలేదు. అబద్ధం ఆడకూడదని నేర్పే ఆదివారం బడి టీచర్‌ని నేను. పక్క గదిలోకి పోయి మోకరించాను. ప్రభువా, ఇది నీకు చెప్పే అబద్ధం కాదు, నీ పేరు చెప్పుకు తిరిగే వాడికి పెట్టే పరీక్ష, నాది తప్పయితే నన్ను శిక్షించు కానీ పిల్లను కాపాడు అని వేడుకున్నాను. లేచి వచ్చేసరికి తల్లి అప్పటికే ఏం చెప్పాలో ఆలోచించుకుని ఉంది. "బర్రె పడ్డదని చెప్త టీచర్. మాకు బర్రె లేదు. కొనాలని మస్తు దినాల సంది ఉన్నది" అంది.

పిల్లను ఎదురుగానే కూర్చోబెట్టాం. ఈ బర్రె సంగతి ఆ అన్న చెబితే ఏమనుకుంటావని అడిగాను. ఆలోచించి, పరీక్షలో రాసినంత జాగ్రత్తగా చెప్పింది: "అప్పుడు ఆయనకు చెప్పింది దేవుడు కాదు. యాడి."

తల్లి రికార్డు మొదలుపెట్టి మొదటిసారి నవ్వేసింది. రెండోసారి హెడ్మాస్టర్ తుమ్మాడు. ఆ తర్వాత మాత్రం ఎలా చెప్పిందంటే నాకే కళ్ళు తడిశాయి. మా నల్ల బర్రె కిందపడి లేస్తలేదు, నిండు చూలుతో ఉన్నది, అదే మాకు ఆధారం, సంఘమంతా ప్రార్థన చెయ్యుండ్రి అంది. ఎన్నేళ్ళుగానో కొనాలనుకున్న బర్రె కదా, నిజంగానే ఉన్నట్టు చెప్పింది.

ఇక చూడాలి మా సంఘం ప్రేమ. ఆమెన్లు వచ్చిపడ్డాయి. ఒక పెద్దమనిషి వాము, బెల్లం కలిపి తాగించమన్నాడు. ఇంకొకాయన పశువుల డాక్టరును బండి మీద కూర్చోబెట్టుకుని వస్తాను, తండాలో ఏ ఇల్లో చెప్పమన్నాడు. ఆయన్ను ఆపడానికి హెడ్మాస్టర్ నానా తంటాలు పడ్డాడు. తల్లి ఫోన్ తన గది బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ పూట నుంచి పిల్ల తల్లి పక్కన, నేను వాళ్ళిద్దరి పక్కన.

గురువారం మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. ఎల్లుండి అనుకున్న శుక్రవారం రేపటికి వచ్చేసింది. పిల్ల మాటిమాటికీ బీరువా వైపు చూస్తోంది. వాడు బర్రె మాట ఎత్తకపోతే మా మాట మీద ఆ పిల్లకు ఇక నమ్మకం ఉండదు. మా హెడ్మాస్టర్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ స్వామి శరణం అనుకుంటున్నాడు, నేను కుర్చీలో కూర్చుని ప్రభువా అనుకుంటున్నాను. ఒకరి వెంట ఒకరం, ఎవరి దేవుణ్ణి వాళ్ళం.

చివరి పీరియడ్ గంట కొట్టాక వాడి గొంతు వచ్చింది. ఫోన్ ఎత్తడం లేదని రికార్డు పెట్టాడు. బల్ల మీద ఫోన్ పెట్టి అందరం విన్నాం. మెత్తటి గొంతు, వేదిక మీద మాట్లాడే భాష.

"చెల్లీ, ఈ తెల్లవారుజామున ప్రభువు నాకొక దర్శనం ఇచ్చాడు. మీ వాకిట్లో నల్లని పశువు ఒకటి పడిపోయి ఉంది. చూలుతో ఉంది. అది ఒక సూచన. ఇప్పుడు పశువు, తర్వాత మీ నాన్న. రేపు నువ్వు తప్పకుండా రావాలి."

పిల్ల ఇంకోసారి పెట్టమంది. పెట్టాం. విన్నది.

"మనకు బర్రె లేదు గద యాడీ."

"లేదు బిడ్డ."

"మల్ల దేవుడు ఎట్ల సూపిచ్చిండు?"

జవాబు చెప్పే అవసరం తల్లికి లేకపోయింది. పిల్ల ముఖంలో నెల రోజులుగా బిగుసుకుని ఉన్నది ఏదో వదులైంది. ఏడుస్తుందనుకున్నాను. ముందు కోపం వచ్చింది ఆమెకు. పిల్లలకు అలాంటి కోపం రావడం ఎంత ఆరోగ్యమో ఆ రోజు చూశాను. వాడిని వాళ్ళ భాషలో ఏదో తిట్టింది. తల్లి గబుక్కున నోరు మూయబోయి, మళ్ళీ చేయి తీసేసింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే నన్ను అడిగింది, మరి మా బా పడడా టీచర్ అని.

పడడు అనడం తేలిక. కానీ దేవుడి పేరు మీద తెలియనిది చెప్పే మనుషులు ఆ పిల్లకు అప్పటికే ఎక్కువయ్యారు.

"రేపేమైతదో నాకు తెల్వదు బిడ్డా. కని మీ బా పానం వీని చేతిల లేదు. నువ్వు తిన్నా, తినకున్నా, చెప్పినా, చెప్పకున్నా, వీని చేతిల లేదు."

హెడ్మాస్టర్ తన ఫోన్ నుంచి తండ్రికి కలిపి ఇచ్చాడు. వెనకాల ఇటుకల చప్పుడు, ఎవరివో కేకలు. పిల్ల చెప్పీ చెప్పనట్టు చెప్పింది. ఆయనకు సగమే అర్థమైంది. "పడుడేంది బిడ్డ? నడుముకు తాడు కట్టుకుంటెనే మమ్ముల పైకి ఎక్కనిస్తరు" అన్నాడు. ఆ మరునాడే బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

శుక్రవారం మానుకోట బస్టాండులో పోలీసులు మఫ్టీలో కాపు కాశారు. వాడు రాలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరే జిల్లాలో దొరికాడని ఆ మహిళా కానిస్టేబుల్ చెప్పింది. వాడి ఫోన్ నిండా ప్రార్థన గ్రూపులేనట. మా పిల్ల ఒక్కతే కాదట. మిగతా పిల్లల ఊళ్ళు అడిగాను. చెప్పకూడదంది. అది విన్నాక, పేరూ ఊరూ తెలియని ఆ పిల్లల కోసం ప్రార్థన చేయడం నేర్చుకున్నాను.

ఆ శుక్రవారం దాటిన ఆదివారమే సంఘంలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ అందరూ బర్రె గురించే అడిగారు. తల్లీకూతుళ్ళ అనుమతి తీసుకుని నేను లేచాను. పిల్ల పేరు ఎత్తకుండా జరిగింది చెప్పాను. మన ప్రేమే వాడికి తలుపు తీసిందని చెప్పాను. ముందు వరుసలోని ఒక అవ్వ మెల్లగా అంది:

"అయితె బర్రె లేనే లేదా? నేను మోకాళ్ళు పోయేటట్టు ఏడిస్తి గద."

నవ్వు ఆపుకోలేకపోయారు అందరూ. పిల్ల తల్లి లేచి అవ్వ దగ్గరకు పోయి చెయ్యి పట్టుకుంది. "నీ ప్రార్థన ఉత్తగ పోలే అవ్వా. పడ్డది లేసింది" అంది. అవ్వకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమెను దగ్గరకు తీసుకుంది.

ఆ రోజు పాస్టరయ్య గ్రూపు మూయలేదు, పద్ధతి మార్చాడు. పేర్లు, ఊళ్ళు, బడులు, ఫొటోలు వద్దు, ఒక చెల్లె కోసం, ఒక తమ్ముని కోసం అంటే చాలు అన్నాడు. గుట్టు చెప్పుకోవాలంటే పాస్టరమ్మ దగ్గరకు మనిషే వచ్చి చెప్పుకోవాలి. అలా అయితే ప్రార్థనలో బలం ఉండదని కొందరు సణిగారు. దేవునికి మన తండా ఎక్కడున్నదో తెల్వదా అని అదే అవ్వ వాళ్ళ మీద గయ్యిమంది. మా హెడ్మాస్టర్ కూడా తన భజన మండలి గ్రూపులో అదే నియమం పెట్టించాడు. అక్కడా పిల్లల పుట్టినరోజులు, నక్షత్రాలు, ఫొటోలు బారులు తీరి ఉన్నాయట.

నా పాఠమూ మారింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో జాగ్రత్త అని చెప్పడం తగ్గించాను. పిల్లలను మోసగించే వాడు వాళ్ళకు అలా కనిపించడు. చెల్లీ అంటాడు, నీ బాధ నాకు తెలుసంటాడు, వాళ్ళ ఇంటి దేవుణ్ణే వెంట తెచ్చుకుంటాడు. కాబట్టి పిల్లలను ఒక్కటే అడిగేదాన్ని: ఇది అమ్మకు చెప్పొద్దని నీతో ఎవరైనా అన్నారా? చేతులు మెల్లగా లేచేవి. ఇళ్ళలో ఫోన్ నలుగురూ తిరిగే చోట ఉంచమని తల్లులకు చెప్పేదాన్ని. అన్నిటికన్నా ముందు, పిల్ల వచ్చి చెప్పినప్పుడు కొట్టొద్దని చెప్పేదాన్ని.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక తల్లీ కూతురూ నేనూ కలిసి తండా దారి పట్టాం. కొంత దూరం పోయాక పిల్ల నన్ను అడిగింది.

"టీచర్, ఎప్పుడన్న నిజంగనే దేవుడు మాట్లాడితె నాకెట్ల తెలుస్తది?"

ఇన్నేళ్ళు ఆదివారం బడి చెప్పినదాన్ని. మనసులో వాక్యాలు వెతుక్కుంటున్నాను. అంతలో తల్లి, నడక ఆపకుండానే, కూతురి వైపు చూడకుండానే అంది:

"దేవుడైనా సరే, జర ఆగమను. నన్ను పిలువు. ఇద్దరం గల్సి ఇందాం."